పార్సెల్ విప్పేశాను, కోప్పడకు

తమ్ముడూ, రేడియో మాడ్యూల్ వెనక్కి పంపకు. నువ్వు కట్టిన పార్సెల్ నేనే విప్పేశాను. వంద మిల్లీవాట్లని చెప్పి పదే ఇస్తోందని దాన్ని తిట్టిపోశావు కదా! మీటరు పాడవకూడదని మధ్యలో నువ్వే బిగించిన అటెన్యుయేటర్ పవర్‌ని పదో వంతుకి తగ్గిస్తుంది. మీటరు చూపిన అంకెను మళ్లీ పదితో గుణించడం ఇద్దరం మరిచిపోయాం. వచ్చేది సరిగ్గా వందే. యాంటెన్నా పెట్టాకే స్విచ్ వెయ్యి, లేకపోతే కాలిపోతుంది. తర్వాత మేడ మీద ట్యాంకుకి బిగించు.

అంతకుముందేమో తప్పంతా నేను వేసిన టంకానిదేనని ఇంటిల్లిపాదికీ చాటావు. ఇప్పుడేమంటావు?

అక్క

మరిచాను. ట్యాంకు నిండిందేమో చూస్తానని అమ్మ ఇవాళ కూడా ఆ మోకాళ్లతో మెట్లెక్కబోయింది. సాయంత్రం నుంచి ట్యాంకు నిండగానే వంటింట్లోనే గంట మోగుతుందని చెప్పి ఆపాను. “వాడివల్ల అవుతుందా?” అంది. అవుతుందని మాటిచ్చేశాను.