అబిడ్స్ మలుపులో

మీరు దవాఖానలో కన్నుమూసి రేపటికి ఏడాది. ఈ పొద్దున మీ తమ్ముడు మీ మోటార్ సైకిల్‌ని మొదటిసారి బయటికి తీశాడు. లక్డీకాపూల్ ఆఫీసులో మీ బదులు నాకిచ్చిన ఉద్యోగంలో చేరే రోజు. “బస్సు కోసం చూస్తే లేటైతది వదినా, కూర్చోర్రి,” అన్నాడు. కూర్చున్నాను.

పెళ్లైన కొత్తలో మలుపు వస్తే భయపడి అవతలికి వంగేదాన్ని. “గట్ల గుంజకు. ఇది తేలిక బండి, ఎనకున్నోళ్ల మాట గూడ ఇంటది. నేనెటు వంగితే అటే వంగు,” అనేవారు మీరు. బరువు బండ్లు ఎద్దులట, ఇది లేడిపిల్లట. దీని మీదే బీదరు దాకా పోయొచ్చాం, ఒళ్లు నొప్పన్నది తెలియకుండా.

అబిడ్స్ మలుపులో మీ తమ్ముడు వంగాడు. నేను అనుకోకముందే నా ఒళ్లూ అటే వంగింది. అతను మురిసిపోయి, “వదినా, ఎనక మనిషున్నట్టే లేదు!” అన్నాడు. నేను మీతో వంగడం నేర్చుకున్నాక మీరనే మాట, అచ్చం అదే.

నాంపల్లి స్టేషన్ ముందు ఆపమన్నాను. మిగతా దూరం నడుస్తానన్నాను.

“ఏమైంది వదినా, భయమైందా?”

“ఔ,” అన్నాను.

పడతానని కాదు. ఆ మలుపులో నా ఒళ్లు మిమ్మల్ని తలుచుకుందో, మరిచిపోయిందో నాకే తెలియలేదు.