సింహరాశికి పాత ఫలమే

ఎల్‌బీ నగర్, సోమవారం

సంపాదకులు జోగారావు గారికి ట్రైనీ మహిపాల్ సాష్టాంగ నమస్కారాలు.

ముందుగా నన్ను క్షమించండి. ఇది చాలదంటే మెట్రో స్టేషన్ మెట్ల మీద మోకరిల్లి మరీ వేడుకుంటాను. మీ సన్మాన సంచికకి "పత్రికారంగంలో నా ప్రస్థానం" అని మీ పేరుతో నన్ను రాయమన్నారు. నిజాలే రాయమన్నారు. అది నమ్మి పాత సంచికలు తిరగేయడమే నా నేరం.

నాలుగేళ్లు ప్రూఫులు దిద్దారు. తర్వాత మన వారపత్రికలో రాశిఫలాలు రాసే పని మీ చేతికొచ్చింది. ఆ వేసవిలోనే సింహరాశికి "నమ్మకస్తుణ్ణి పైకి తెస్తే ఇంటికి శుభం" అని పడింది. మన యజమానురాలు కోటేశ్వరమ్మ గారిది సింహరాశి. మరుసటి నెలకల్లా మీరు సబ్ ఎడిటర్. ఇలాంటివే ఇంకో మూడు శుభాలు జరిగేసరికి ఎడిటర్. జర్నలిజం కాలేజీలో రెండేళ్లు చదివాను, ఈ పాఠం ఒక్కరూ చెప్పలేదు సార్.

విధేయుడు,
మహిపాల్

తా.క.: నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం పద్నాలుగు నెలలుగా మీ సొరుగులోనే ఉంది. దానిది ఏ రాశో?

దిల్‌సుఖ్‌నగర్, మంగళవారం

ఒరేయ్ మహిపాల్,

కలం బలంతో పైకొచ్చానని రాయి. లేదంటే సొరుగులో కాగితం చింపేస్తాను. సన్మానానికి శాలువా ఎంచుకునే పనిలో ఉన్నాను. ఈ వారం రాశిఫలాలు నువ్వే చూసి ప్రెస్సుకి పంపు. సింహరాశి దగ్గర మాత్రం సొంత తెలివి చూపించకు. నేను రాసిన పాత ఫలమే దింపు.

జోగారావు

తా.క.: వ్యాసంలో నా జుట్టు గురించి ఓ మంచి మాట పడనీ.

దిల్‌సుఖ్‌నగర్, శనివారం

మహిపాల్ బాబూ,

వనస్థలిపురం నుంచి కోటేశ్వరమ్మ గారు ఫోను చేశారు. "ఇన్నేళ్లు కష్టపడ్డావు జోగారావూ, ఇక హాయిగా కూర్చో" అన్నారు. కుర్చీలోనే ఉన్నానండీ అన్నాను. "ముందు అందులోంచి లేవవయ్యా" అన్నారు. ఏం రాశావు నాయనా?

జోగారావు

తా.క.: శాలువా కొనేశాను. షాపువాడు వాపసు తీసుకోడట.

ఎల్‌బీ నగర్, ఆదివారం

మాజీ సంపాదకులు జోగారావు గారికి,

ఏం రాశావని అడిగి నన్ను నొప్పించారు. నేనొక్క అక్షరం రాయలేదు. మీ పాత ఫలమే దింపాను: "పాతవాడికి విశ్రాంతి, కుర్రవాడికి కుర్చీ, శీఘ్రమే శుభం." మీకు ముందు ఎడిటర్‌గా ఉన్న మోహన్ గారు ఇంటికెళ్లిన వారం నాటిది. అమ్మగారు ఆ కుర్చీ నాకిచ్చారు. మా అమ్మే "ఏంది బిడ్డా, గింత జల్దీనా?" అని పరేషాన్ అవుతోంది.

సభ ఆగదు. బ్యానరు మీద "సన్మానం" తీసేసి "వీడ్కోలు" అని వేయించాం. శాలువా మరిచిపోకండి. మీ జుట్టు కోసం చాలా వెతికాను, పాత ఫోటోల్లోనే దొరికింది.

సంపాదకుడు,
మహిపాల్

తా.క.: ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. సింహరాశికి మీరు రాసిన ఫలాలు వెయ్యి పైచిలుకే ఉన్నాయి. అన్నీ చదివి, ఆ ఒక్కటీ ఏరింది నేనే.