ఏడిళ్ల వరస

అక్టోబర్ 4

దోఆన్ లోయలో మాకిది ఆరో ఊరు. మా మేనమామ ఉబైద్ మట్టి మేడలు కట్టే మేస్త్రీ. ఏ ఇంట్లో మనుషులున్నారు, ఏది ఖాళీ అని వానలు రాకముందే తేల్చమని సర్వే ఆఫీసు ఆయన్ను పంపింది. కింది అంతస్తులు ఆయనవి. పై అంతస్తుల్లో ఆడవాళ్లుంటారు కాబట్టి అవి నావి. కాలేజీకి సెలవులు, చేతిలో కొత్త నోట్‌బుక్. ఇంకేం కావాలి.

ఫారంలో గడులు రెండే: నివాసం, ఖాళీ. ఖాళీ అయితే ఇల్లు కూల్చేసి ఆ మట్టిని వరదకట్టకు పోస్తారు. నేను పెన్సిల్ చెక్కుతుంటే మామయ్య, పెన్ను తీయవే, ఇది నీ కవిత్వం కాదు, కొంప అన్నాడు.

అక్టోబర్ 5, సాయంత్రం

ఈ ఊరి పేరు హుస్న్ ఉమైర్. ఊరి చివర బాసవాద్ అన్నదమ్ముల ఏడిళ్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఎనిమిదోది కడగొట్టు తమ్ముడిది. పదకొండేళ్ల కిందటి వరదలో కొట్టుకుపోయింది. ఆ రోజే ఆ ఇళ్లవాళ్లందరూ ట్రక్కులెక్కి పోయారు, తిరిగి రాలేదు. అన్నీ ఖాళీయే, ఊరికే మెట్లెక్కి కాళ్లు నొప్పి చేసుకోకండి అన్నారు ఊళ్లోవాళ్లు.

అయినా మామయ్య అలవాటుకొద్దీ మొదటి ఇంటి తలుపు తట్టాడు.

గడియకు కట్టిన తాడు బిగిసింది. గడియ లేచింది. తలుపు తెరుచుకుంది.

పైనుంచి ఎవరో లాగారు. మా ఇళ్లలో అంతే, లాగిన మనిషి కనిపించదు, మనం తలెత్తి చూడం. ఆడవాళ్లు చాటుకు తప్పుకునేలా మామయ్య మెట్ల మొదట్లో అల్లా, అల్లా అని గట్టిగా అని మగవాళ్ల గదిలో కూర్చున్నాడు. చాలాసేపు చూసినా టీ రాలేదు. ఆడవాళ్లు ఒంటరిగా ఉన్నట్టున్నారు, నువ్వు వెళ్లమ్మా అన్నాడు.

నేను వెళ్లాను. నాలుగో అంతస్తులో ఎవరూ లేరు. తాడు ఇంకా ఊగుతోంది. దుమ్ములో అడుగులు లేవు. పక్కింట్లోకి వెళ్లే లోపలి తలుపు ఓరగా ఉంది.

గాలి అన్నాడు మామయ్య. గాలికి తాడు లాగడం తెలుసా అని నేను అడగలేదు.

అక్టోబర్ 6

ఆడదాన్ని కదా, వీధిలోకి దిగకుండా పై తలుపుల్లోంచే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లాను. మా అమ్మా అలాగే వెళ్తుంది, అమ్మమ్మా అలాగే వెళ్లేది. రెండో ఇంట్లో చాప మీద ఒక మనిషి కూర్చునేంత మేర దుమ్ము లేదు. మూడో ఇంట్లో నేను అడుగు పెట్టేసరికి ఎదుటి తలుపు మూసుకుంటోంది. నాలుగో ఇంట్లో ఆ తలుపు చెక్క మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఆ గదిలో ఎండ పడదు.

అయిదో ఇంట్లో అవతలి వైపు నుంచి గడియ పడింది. ఎవరక్కా అన్నాను.  అవతల ఊపిరి వినిపించింది. అది నాదేనేమో.

నాలుగు ఫారాల్లో ఖాళీ అని టిక్కు పెట్టాను. అయిదోది పెట్టలేకపోయాను.

అదే రోజు, రాత్రి

మేము దిగింది సల్లూమా అవ్వ ఇంట్లో. ఎండు సొరచేప, అన్నం పెట్టింది. నా ఫారాలు చూసి, పెళ్లీడు పిల్లవు, ఇళ్లు ఖాళీ చేయించే పని నీకెందుకే అని ఎగతాళి చేసింది. తర్వాత మామూలుగానే, వరస ఏ చివర మొదలుపెట్టావని అడిగింది. ఊరి వైపు నుంచి అన్నాను.

అవ్వ చేతిలో ముద్ద ఆగిపోయింది. అయ్యో తల్లీ, దాన్ని తోలుకుపోతున్నావు కదే అంది.

కడగొట్టువాడి పెళ్లాం. మొగుడు అప్పుడు పరదేశంలో పనిలో ఉన్నాడట. వరద రోజున ఆ పిల్ల ఎవరి ట్రక్కులో ఉందని ఏ అన్నా అడగలేదట. తమ్ముడి పెళ్లామైనా పరాయి ఆడదే, ఎలా అడుగుతారు. ఇంకో ట్రక్కులో ఆడవాళ్లతో ఉందనుకున్నారు, ఏడుగురూ. అవ్వ ఇప్పటికీ మొదటి ఇంటి గూట్లో రొట్టె పెట్టి తిరిగి చూడకుండా వస్తుంది. తినేది పిల్లులేమో, నాకేం తెలుసు అంది.

నిద్ర రావడం లేదు. ఏడో ఇంటి చివరి తలుపు ఎనిమిదో ఇంట్లోకి తెరుచుకుంటుంది. ఎనిమిదో ఇల్లు లేదు.

అక్టోబర్ 7, తెల్లవారుజామున

పరుగెత్తి వెళ్లి బయటి నుంచి చూశాను. ఏడో ఇంటి గోడలో, నాలుగో అంతస్తు ఎత్తున, తలుపు బార్లా తెరిచి ఉంది. మొన్న మేము వచ్చినప్పుడు మూసే ఉంది. కింద మేకపెంటికలు తప్ప ఏమీ లేదు. మూడుసార్లు వెతికాను.

మళ్లీ పైకెక్కాను. అయిదో ఇంటి నుంచి వెనక్కి నడుస్తూ, దారిలో ప్రతి తలుపూ బార్లా తెరిచి రాయి పెట్టాను. వెనక్కి రావాలనుకుంటే రానీ.

అక్టోబర్ 8

మామయ్యకు అంతా చెప్పాను. ఏడిళ్లకూ మధ్యగోడలు ఉమ్మడివి, ఒక్క ఇంట్లో మనిషి ఉన్నా ఏదీ కూల్చకూడదని ఆయనే నాకు నేర్పాడు. నివాసం అని రాస్తే చాలు. కానీ నివాసానికి పేరు కావాలి. రేపు ఆఫీసర్ వచ్చి గుమ్మంలో ఆ పేరు చదువుతాడు. లోపలి నుంచి మనిషి పలకాలి. పలకకపోతే ఎల్లుండే కూలుస్తారు, తప్పు రాసినందుకు మామయ్య పనీ పోతుంది.

అవ్వను పేరు అడిగాను. చిన్నోడి పెళ్లామనే పిలిచాం, పేరెవరికి తెలుసే అంది.

గాలికి ఇల్లు రాసిస్తావా అన్నాడు మామయ్య. కోపంగా కాదు, నెమ్మదిగా. దానికే భయమేసింది. అయినా పెన్ను నా ముందుకు జరిపాడు.

మొదటి ఇంటికి కొత్త ఫారం తీసి ముజ్నా అని రాశాను. నా పేరు. పొద్దున్నే ఎవరూ చూడకుండా పైకెక్కి నేనే పలకొచ్చని.

అక్టోబర్ 9

ఆఫీసర్ అనుకున్నదానికన్నా ముందే వచ్చాడు. నేనింకా వీధిలోనే, మామయ్య పక్కనే ఉన్నాను.

మొదటి ఇంటి గుమ్మంలో నిలబడి ముజ్నా అని చదివాడు.

పైనుంచి ఆఁ అని వినిపించింది. ఆయన టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాడు. మామయ్య నా వైపు చూశాడు.

నేను నోరు తెరవలేదు.