అదురు ఆపిన రాయి

బావగారికి,

నమస్కారం. కొత్త షాపు గుమ్మం దగ్గర నిలబెట్టడానికి, మీ పేరు చెక్కించిన నల్లరాయి పంపమని అక్క చేత కబురు చేశారు. నాన్న కట్టిన వర్క్‌షాపు షెడ్డుకు మీ ఒక్కరి పేరే చెక్కించిన రాయి కదా, బాగా గుర్తుంది.

షెడ్డు పంచుకున్న రోజు కొత్త మిషన్లన్నీ మీరు పట్టుకెళ్ళి, ఇనుప కడ్డీలను తిప్పి కోసే నాన్న పాత లేత్ మిషను నా మొహాన పడేశారు. "దీని మీద పని చేస్తే ఇనుము కన్నా ముందు నీ పళ్ళు రాలతాయిరా!" అని పనివాళ్ళందరి ముందు నవ్వారు.

నిజమే. ఇంటికి తెచ్చాక, కోసే టూలు ఇనుముకు తగిలితే చాలు, గదంతా అదిరేది. కోసిన చోటల్లా ఇనుము మీద అలల్లా గీతలు పడేవి. టూలును జరిపే స్లైడుల్లో లూజు తీశాను, టూలు బయటికి పొడుచుకు రాకుండా పొట్టిగా బిగించాను. అయినా లొంగలేదు. లోపమంతా కింద ఉన్న రేకు స్టాండుదని చివరికి తెలిసింది. లేత్ కింద కదలని బరువు ఉండాలి. పంపకాల నాడు మీరు వదిలేసి వెళ్తే, లేత్‌తో పాటు తెచ్చి పెరట్లో పడేసిన మీ రాయి కనిపించింది.

సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద రాయి పరిచి, లేత్‌ను బోల్టులతో బిగించేశాను. బోల్టు కన్నాలు సరిగ్గా మీ పేరు మీదే వచ్చాయి. కొలిచి గుర్తులు పెట్టింది నేనే లెండి. ఇప్పుడు అదురే లేదు, కోసిన షాఫ్టు కడ్డీలో మొహం చూసుకోవచ్చు.

కాబట్టి రాయి పంపలేను. చూడాలనిపిస్తే రండి, బోల్టుల మధ్య నాలుగు అక్షరాలు మిగిలే ఉన్నాయి. కాకపోతే అవి కనబడాలంటే నాన్న లేత్ ముందు నడుం బాగా వంచాలి.

మీ బావమరిది