చెప్పని దురద

బుధవారం రాత్రి, విజయనగరం హాస్టల్.

"రోగి నోరు తెరిచి చెప్పేదాకా ఆగేది నర్సే కాదు" అని మా నర్సింగ్ కాలేజీ వాదన పోటీలో గెలిచిన నాటి నుంచి మెస్‌లో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. ఆసుపత్రిలో మధ్యాహ్నం అన్నం కూడా వార్డు మెట్ల మీద ఒక్కదాన్నే తింటున్నాను. ఆనాడు ఎదుటి పక్షాన మాట్లాడి ఓడింది, అందరికీ ఇష్టమైన నా గదిలోని అమ్మాయే. ఇప్పుడు కూడా గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

ఈరోజు వార్డులో, భావనపాడు నుంచి వచ్చిన నూకాలమ్మకు సిస్టర్ చెప్పగా యాంటీబయాటిక్ సెలైన్ నేనే పెట్టాను. ఆమెకు అది కొత్త మందు కనుక పక్కనే నిలబడి, దురదగా ఉందా, ఊపిరి ఆడుతోందా అని అడుగుతూనే ఉన్నాను.

"ఏటీ నేదమ్మా, బాగానే ఉన్నాది" అంటూనే ఉంది.

నాడి చూద్దామని దుప్పటి తీస్తే చేయంతా దద్దుర్లు. వెంటనే మందు ఆపి సిస్టర్‌ను కేకేశాను. డాక్టరుగారు వచ్చి విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చాక తేరుకుంది. ఎందుకు చెప్పలేదని గద్దించాను.

"నీ సేత్తో ఎట్టిన మందు కదమ్మా. సెప్తే ఆ పెద్ద సిస్టరు నిన్ను తిడతాదని ఊరుకున్నాను. అసలే మెట్ల మీద ఒక్కర్తివీ కూకుని తింతన్నావు."

నేను గెలిచిన ఏ వాదంలోనూ నా పక్షాన ఇంత గట్టిగా ఎవరూ నిలబడలేదు. ఆమె ఇంకాసేపు అలాగే నా పక్షాన నిలబడి ఉంటే తన ప్రాణం మీదికే వచ్చేది. నా కోసం ఏదీ దాచవద్దని రేపు ఉదయమే ఆమెకు చెప్పాలి. తప్పక చెబుతాను. చెప్పడానికి మాత్రం మనసు రావడం లేదు.