కామెర్లకి ఎవరు ఏడుస్తారు

జూన్ 8, 2025. ఆదివారం

హెన్రీ అంకుల్ మళ్లీ సాక్ష్యం చెప్పాడు. నేను మిక్సర్ దగ్గర ఉన్నాను. చర్చిలో సౌండ్ సిస్టమ్ కాలిపోయినప్పటి నుంచి మా షాపు స్పీకర్లే అద్దెకి వెళ్తున్నాయి, వాటితో పాటు నేనూ. ఆయన అసలు గొంతు ఎంత పలచనో నాకు తెలుసు. దానికి బేస్ పెంచి, ఎకో కలిపి, దేవదూత మాట్లాడినట్టు చేసేది నేనే. అదే నా కడుపు మంట.

సాక్ష్యం ఎప్పటిదే. యవ్వనంలో రాక్ బ్యాండ్, పేరు ప్లాట్‌ఫామ్ టెన్. పొడుగు జుట్టు, గిటారు, మందు. ప్రభువు పట్టుకున్నాడు, నేను బతికాను, నా స్నేహితుడు డ్రమ్మర్ మాత్రం తాగి తాగి పోయాడు అంటాడు. ఇక్కడ గొంతు వణకాలి. వణికింది. పేరు చెప్పడు. చెప్పక్కర్లేదు. అందరూ మూడో వరసలో ఉన్న అమ్మ వైపు తిరుగుతారు.

ఆ డ్రమ్మర్ మా నాన్న. దేవసహాయం. పగలు స్కూల్ ఆఫీసులో క్లర్కు, సాయంత్రం డ్రమ్స్. నాకు ఐదేళ్లప్పుడు కామెర్లతో పోయాడు. ఆ ఎండాకాలం నేరేడ్‌మెట్‌లో మా గల్లీ నల్లా నీళ్లలో మురికినీళ్లు కలిశాయి. పక్కింటి ముసలమ్మ కూడా పోయింది. ఆవిడ కూడా తాగి పోయిందా హెన్రీ అంకుల్?

కామెర్లంటే లివరు, లివరంటే మందు. వీళ్లకి అంతే తెలుసు.

జూన్ 10

ఫెయిత్ షాపుకి వచ్చింది. హెన్రీ అంకుల్ కూతురు. ఇంగ్లిష్ టీచర్. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇవాళ మా కేబుళ్ల దుమ్ము చున్నీకి అంటకుండా ఒద్దికగా నిలబడింది.

డాడీ సాక్ష్యం పుస్తకంగా వస్తోందట. ఆగస్టు చివర రిలీజట. ఆయన చెబుతుంటే ఈమె రాసి పెడుతోందట. మ్యుజీషియన్ల జీవితాలు ఎట్లా రాస్తారో మాకు తెలీదు, నువ్వు అవే చదువుతావు కదా క్యారీ, చదవాల్సినవి నాలుగు చెప్పవా అంది.

చదువుతాను. ఇంటర్ మధ్యలో వదిలేసి ఈ షాపులో చేరాక నాకు ఇంగ్లిష్ నేర్పినవి రాక్ వాళ్ల జీవిత కథలే. ఫుట్‌పాత్ మీద కుప్పల్లోంచి ఏరుకొస్తాను. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో ఫోన్ డిక్షనరీ. బూతులు ముందు వచ్చాయి, గ్రామర్ తర్వాత వచ్చింది.

కుదరదన్నాను. మా సేఠ్ ఓంప్రకాశ్ గల్లాపెట్టె దగ్గర నుంచే, ఏందమ్మా గిట్ల జేస్తవ్, పిల్ల మారేడ్‌పల్లి నుంచి రాంగోపాల్‌పేట్ దాకా అడగనీకొచ్చింది, నువ్వేమన్న కిడ్నీ ఇస్తున్నవా అన్నాడు. ఫెయిత్ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక ఆలోచించాను. నా పుస్తకాలే ఇస్తాను. ఆయన చదవనీ. చదివి సిగ్గుపడనీ.

జూన్ 11

ముందు, ఇవ్వనిది. అందరూ నెత్తిన పెట్టుకునే ఆ గిటారిస్ట్ ఆత్మకథ. ఇటుకంత ఉంటుంది. హోటల్ రూములు, కార్లు, మోసం చేసిన మేనేజర్లు, మళ్లీ హోటల్ రూములు. పెళ్లాం నాలుగు లైన్లలో వచ్చి పోతుంది. ఆ నాలుగో లైను ఏంటంటే, ఆమె తనని అర్థం చేసుకోలేదట. నువ్వు ఇంట్లో ఉంటే కదరా అర్థం చేసుకోడానికి. తలగడ లేనప్పుడు పనికొస్తుంది, ఇంక దేనికీ పనికిరాదు.

ఇచ్చేవాటిలో మొదటిది ఒక ఆడమనిషి రాసుకున్నది. డ్రమ్మర్. తన కిట్ తనే మోసుకుంటుంది, వ్యాన్లో స్పీకర్ల మధ్య పడుకుంటుంది, ముప్పై ఐదేళ్లకే మణికట్లు పోతాయి. ఎక్కడా ఏడవదు. జీవితంలో ఒక్కసారైనా స్పీకర్ మోసినవాళ్లు చదవాలి. మోయనివాళ్లు తప్పకుండా చదవాలి.

రెండోది ఒక పాటగాడు చచ్చిపోయాక జర్నలిస్ట్ రాసిన జీవిత చరిత్ర. ఒక్క స్టార్‌ని కూడా కలవలేదు ఈ రాసినవాడు. చచ్చిపోయినవాడి చెల్లెల్ని అడిగాడు, ఇంటి ఓనర్ని అడిగాడు, రోజూ బ్రెడ్డు అమ్మినవాణ్ని అడిగాడు. చచ్చిపోయిన గది గురించి ఒక్క పేరా. బతికిన వీధి గురించి మిగతా పుస్తకమంతా. జీవిత చరిత్ర అంటే అదీ.

ఇంకోటి మత్తుమందుల పుస్తకం. రాసినవాడు వెధవ. పుస్తకం మాత్రం నిజం. మూడో అంతస్తు కిటికీలోంచి టీవీ విసరడం గట్రా చాలా ఉంటుంది, అదంతా దాటేయొచ్చు. స్నేహితుడు చేతికి సూదితో తన ఒళ్లోనే ప్రాణం వదిలితే, పోలీసులొస్తారని భయపడి ఆ తలని నేల మీదికి దింపి పారిపోయానని రాశాడు. ఆ పేజీ తర్వాత నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

అన్నిటికన్నా గొప్పది బేస్ గిటారు వాయించే ఒక బేసిస్ట్ రాసింది. చాప్టర్ అయిపోయినప్పుడల్లా బ్యాండ్‌లో మిగతావాళ్లకి పంపాడు. వాళ్లు ఇది అబద్ధం, ఇది సగం నిజం, ఆ రోజు నువ్వసలు అక్కడ లేవు అని రాసి పంపితే, ఒక్క ముక్క కొట్టేయకుండా చాప్టర్ కిందే అచ్చేశాడు. తనని తిట్టినవి కూడా. హెన్రీ అంకుల్ మిగతావి చదవకపోయినా ఫరవాలేదు. ఇది చదవాలి.

జూన్ 12

నాలుగూ ఇచ్చేశాను. పేజీ మూల మడిస్తే వేళ్లు విరుస్తానని చెప్పాను.

జూలై 3

డాడీ కొత్త కళ్లద్దాలు చేయించుకుని మరీ చదువుతున్నాడని ఫెయిత్ మెసేజ్. అన్నం దగ్గర కూడా పుస్తకం వదలడం లేదట. మధ్యలో కళ్లు తుడుచుకుంటున్నాడట.

పని చేస్తోంది. కేబుళ్లు చుడుతూ కూనిరాగం తీశాను కాబోలు, సేఠ్, ఏమైందమ్మా, తబియత్ ఖరాబైందా, డాక్టర్‌కి చూపియ్యాల్నా అన్నాడు.

జూలై 20. ఆదివారం, మధ్యాహ్నం

చంపాలనుంది.

కొత్త సాక్ష్యం. స్టేషన్ ఎదురు లాడ్జిలో మూడో అంతస్తు కిటికీలోంచి టీవీ విసిరారట ప్లాట్‌ఫామ్ టెన్ వాళ్లు. నాన్నవాళ్లు లాడ్జిలో ఎప్పుడు దిగారు? ప్రోగ్రాం అయిపోగానే టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆఖరి బస్సుకి పరిగెత్తేవాళ్లని అమ్మ చెబుతుంది.

దాని తర్వాత సూది. మా నాన్న చేతికి సూది. హెన్రీ అంకుల్ ఒళ్లో మా నాన్న తల. రాత్రంతా ప్రార్థించాడట, తెల్లవారేసరికి చల్లబడిపోయాడట. ఆ పేజీ నాది. నేనే ఇచ్చాను. తల దింపి పారిపోయిన ముక్క ఒక్కటే ఎగరగొట్టాడు.

పుస్తకాలు ఇవ్వకముందు మా నాన్న తాగుబోతు. ఇచ్చాక ఇదీ.

సౌండ్ పెంచి తగ్గించే ఫేడర్ మీదే ఉంది నా వేలు. కిందికి లాగితే చాలు. లాగలేదు. మైకు ఆగితే అందరూ నా వైపు చూస్తారు, తర్వాత అమ్మ వైపు చూస్తారు, ఆయన ఇంకో మైకు తీసుకుని సూది దగ్గర నుంచి మళ్లీ మొదలుపెడతాడు.

బయట మా చర్చి ఆలిస్ ఆంటీ అమ్మ రెండు చేతులూ పట్టుకుని, ఇన్నేళ్లు ఎట్లా మోశావు మేబెలూ, మాకొక్క మాటైనా చెప్పుకోలేదే అని ఏడ్చింది. కామెర్లండీ అంది అమ్మ. ఊఁ ఊఁ, అట్లాగే చెప్పుకోవాలిలే అంది ఆలిస్ ఆంటీ.

నాన్న సమాధి రాయి మీద పేరూ రెండు తేదీలూ తప్ప ఏమీ లేవు. హెన్రీ అంకుల్ పుస్తకం అచ్చయితే ఆ మనిషి గురించి భూమ్మీద రాసి ఉండేది అదొక్కటే.

జూలై 21

సేఠ్‌కి చెప్పాను. ఆయన టీ ఊదుకుంటూ, నా దుకాణం కెల్లి లీడర్లు సుత మైకులు తీస్కపోతరు, బాబాలు సుత తీస్కపోతరు, అందరి మాటలు మన వైర్లకెల్లే పోతయ్ బేటా, వైర్‌కి గుస్సా వస్తే దందా నడుస్తదా అన్నాడు. తర్వాత, అయినా ఆ ముసలోడు గిట్ల చెయ్యొద్దు, జెర ఇంటికి పోయి అడుగు, చర్చిలో లొల్లి పెట్టకు అన్నాడు.

జూలై 22

మారేడ్‌పల్లి వెళ్లాను. హెన్రీ అంకుల్ వరండాలో గిటారు తుడుచుకుంటున్నాడు. రామ్మా క్యారల్, దేవునికి స్తోత్రం, నీ పుస్తకాల్ని ఎంత వాడుకున్నాడమ్మా ప్రభువు అన్నాడు.

సూది ఎక్కడిది అన్నాను.

కూర్చో, టీ తాగు అన్నాడు. సూది ఎక్కడిదంకుల్ అన్నాను.

గుడ్డ పక్కన పెట్టాడు. చూడమ్మా, మొన్న ముగ్గురు కుర్రాళ్లు ముందుకొచ్చి మోకరించారు, గంజాయి అలవాటున్న పిల్లలు, ఇన్నేళ్ల బట్టి చెబుతున్నా ఎప్పుడైనా వచ్చారా అన్నాడు. కామెర్లకి ఎవరు ఏడుస్తారమ్మా అన్నాడు. మీ నాన్న పోయి కూడా పిల్లల్ని కాపాడుతున్నాడు, నీకది గర్వం కాదా అన్నాడు.

ఆ ముగ్గురూ నిజంగానే వచ్చారు. ఒకడు ఎక్కిళ్లు పెట్టి ఏడవడం నేను చూశాను. అందుకే ఇంకా మండింది.

అయితే సూది మీరే వేసుకున్నారని చెప్పుకోండి, ఇంకా ఏడుస్తారు అన్నాను.

నాకు కూతురుందమ్మా, పెళ్లి కావలసిన పిల్ల అన్నాడు.

నేనెవరి కూతుర్నంకుల్ అన్నాను.

ఫెయిత్ గుమ్మంలో నిలబడి గోడ వైపు చూసింది.

పుస్తకాలు తెచ్చేసుకున్నాను. మూడింటి నిండా ఎర్ర పెన్ను గీతలు, బైబిల్లో గీసుకున్నట్టు. బేసిస్ట్ పుస్తకంలో నా పాత బస్ టికెట్ నేను పెట్టిన చోటే ఉంది. ఆయన దాన్ని తెరవనే లేదు.

జూలై 23

నేనే రాస్తానన్నాను అమ్మతో. దేవసహాయం జీవితంలో చుక్క ముట్టలేదు అని మొదలుపెట్టి, ప్రింట్ తీసి, చర్చి బోర్డుకి అంటిస్తానన్నాను. అమ్మ చేస్తున్న పని ఆపి పగలబడి నవ్వింది.

ఎవరు చెప్పారే నీకు అంది. క్రిస్మస్‌కి తాగేవాడు, ఈస్టర్‌కి తాగేవాడు, ఎవరింట్లో పెళ్లయినా తాగేవాడు, మా చెల్లెలి పెళ్లిలో డ్రమ్స్ మీదే పడి నిద్రపోతే ఇద్దరు పట్టి లేపారు అంది. ఆయన్ని పరిశుద్ధుణ్ని చేయకు, నేను పరిశుద్ధుడితో కాపురం చేయలేదు అంది.

నిజమే, ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే అనుకున్నాను. నా నాన్న చుక్క ముట్టడు, మెల్లగా మాట్లాడతాడు, నన్ను భుజాల మీద ఎక్కించుకుంటాడు. ఎక్కించుకున్నాడా అని అడగబుద్ధి కాలేదు.

అందరి మీదా కోపంగా ఉంది.

జూలై 27

చర్చికి వేరే అతన్ని పంపమన్నాను సేఠ్‌ని. అమ్మ వెళ్లింది. మూడో వరసలోనే కూర్చుందట.

ఆగస్టు 2. శనివారం

హెన్రీ అంకుల్, ఫెయిత్ మా ఇంటికొచ్చారు. పుస్తకంలో వేయడానికి నాన్న ఫొటో కావాలట. సిగ్గుంటే కదా. నేను తలుపు వేయబోయాను. రానీవే, ఎండన పడి వచ్చారు అంది అమ్మ. నిమ్మరసం ఇచ్చింది. పంచదార సరిపోయిందా అన్నయ్యా అని కూడా అడిగింది. నాకు గ్లాసులు పగలగొట్టాలనిపించింది.

అప్పుడు మొదలుపెట్టింది అమ్మ. గొంతు పెంచలేదు. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ ఆయన నీ పేరే కలవరించాడన్నయ్యా, నువ్వు రాలేదు అంది. అంటుకుంటుందని భయపడ్డావు, ఇంట్లో చిన్నపిల్ల ఉంది, ఇదిగో ఈ ఫెయితే, నీ చోట నేనున్నా వచ్చేదాన్ని కాదేమో, దానికి నిన్నెప్పుడైనా ఒక్క మాటన్నానా అంది. తర్వాత, ఒళ్లో పెట్టుకున్నానంటున్నావే, అది నా ఒడి, నా ఒడి నువ్వెట్లా తీసుకుంటావు అంది.

హెన్రీ అంకుల్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. రాలేదని మైకులో ఎట్లా చెప్పను చెల్లెమ్మా అన్నాడు. ఎకో లేకుండా ఆయన గొంతు అంత చిన్నది.

ఉన్నదున్నట్టు రాయి, ఫొటో ఇస్తాను, లేకపోతే ఆయన్ని తీసెయ్యి అంది అమ్మ.

వాళ్లు మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్లి బేసిస్ట్ పుస్తకం ఫెయిత్ చేతిలో పెట్టాను. ఈసారి నువ్వు చదువు, తిరిగి ఇవ్వక్కర్లేదు అన్నాను. ఆ పుస్తకం నాకు మళ్లీ దొరకదు. ఎందుకిచ్చానో.

ఆగస్టు 19

ఫెయిత్ అచ్చుకి ముందు ప్రూఫ్ నా ఫోన్‌కి పంపింది. ఉన్నదున్నట్టు రాసి చూపించాను, డాడీ ఒప్పుకోలేదు, సారీ క్యారీ అని కింద ఒక లైను.

సూది లేదు. ఒడి లేదు. నాన్నా లేడు. ప్లాట్‌ఫామ్ టెన్‌లో ఇప్పుడు ముగ్గురే. గిటారు, బేసు, కీబోర్డు. టీవీ మాత్రం ఉంది.

అమ్మ ఫోన్ దూరంగా పట్టుకుని మొత్తం చదివి, మరి దరువెవరు వేశారట అంది.

ఆగస్టు 31. ఆదివారం

రిలీజ్. సేఠ్ వద్దన్నా సౌండ్‌కి నేనే వెళ్లాను.

పుస్తకం విప్పాక బ్యాండ్‌లో మిగిలిన ముగ్గురూ పాత పాటొకటి వాయించారు. డ్రమ్స్ లేవు. దరువు కోసం కీబోర్డులో బటన్ నొక్కారు. రెండో చరణానికి బటన్ దారి బటన్‌ది, వీళ్ల దారి వీళ్లది. కీబోర్డతను దాన్ని ఆపేశాడు.

మూడో వరసలో అమ్మ, పాటల పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని అరచేతులతో వాయిస్తోంది. ఆమెకి వచ్చని నాకు తెలీదు.

స్పేర్ మైకు తీసుకెళ్లి ఆ చేతుల ముందు పెట్టాను. వెనక్కి వచ్చి ఫేడర్ పైదాకా ఎత్తాను.

హెన్రీ అంకుల్ తల ఎత్తలేదు. ముగ్గురూ ఆ దెబ్బ మీదికే వచ్చారు.