పాకెట్ మీద రెండో చీటీ

అమ్మకు సలాం.

నేనూ మీ అల్లుడూ ఇక్కడ కులాసాగానే ఉన్నాం. చీరాలలో నువ్వూ తమ్ముడూ అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. ఆ ఫోను ఎప్పుడూ విత్తనాల కొట్టులో తమ్ముడు సుభానీ దగ్గరే ఉంటుంది కదా. ఇది ముందు నువ్వు ఒక్కదానివే చదవాలి. కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా కూర్చో.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. థైరాయిడ్ మాత్రలు మానలేదు. చిక్కిపోలేదు, ఫొటోలో అలా పడ్డానంతే. అలసట మాత్రం నిజం. బడిలో పాఠం చెప్పడం కన్నా పిల్లల హాజరు, భోజనాల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించడమే పెద్ద పనైపోయింది. ఇంటికొచ్చాక చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండటం లేదు. మోకాళ్ల నొప్పులతో గుంటూరులో బస్సు మారి ఇంత దూరం రాలేనన్నావు. సరే, బలవంతపెట్టను.

"పాఠం చెప్పకుండా పిల్లల్నే ఎదురడుగుతావట, అదేం చదువే?" అని మొన్న ఫోనులో అడిగావు. ఊళ్లో నిజంగా ఉన్న చిక్కు ఒకటి తరగతి ముందు పెడతాను. జవాబు నేను చెప్పను. వాళ్లే ఊహించాలి, పరీక్షించి చూడాలి, తప్పితే మళ్లీ మొదలుపెట్టాలి. మొదట్లో "ఆన్సరు రాయించండి టీచర్" అని నా ప్రాణం తీశారు. ఇప్పుడు నన్ను నోరు తెరవనివ్వడం లేదు.

ఈసారి చిక్కు తొమ్మిదో తరగతి జెస్సీ తెచ్చింది. వాళ్ల నాన్న ఇమ్మానియేలు రెండెకరాలు కౌలుకు చేస్తాడు. ఆయన పోసిన మిరప నారు ఇక్కడో మొక్క అక్కడో మొక్కగా వచ్చింది. ఎందుకని? మట్టి అన్నారు కొందరు, చీమలన్నారు కొందరు, వాన అన్నారు ఇంకొందరు. "విత్తనమేమో టీచర్" అంది జెస్సీ. ఒకే మడి మట్టి రెండు ట్రేలలో నింపి, ఒకదాంట్లో వాళ్ల నాయనమ్మ దాచిన నాటు గింజలు వంద, రెండోదాంట్లో నాన్న పాకెట్‌లో మిగిలినవి వంద వేసింది. సీసా మూతతో కొలిచి రెండింటికీ ఒకేలా నీళ్లు పోసింది. పన్నెండు రోజులకు నాయనమ్మవి ఎనభై ఒకటి మొలిచాయి, పాకెట్‌వి ఇరవై ఆరు. ఎవరూ చెప్పకుండా ఆ పిల్లకు అంత ఆలోచన వచ్చిందని ఎంత మురిసిపోయానో.

ఏ ట్రే ఏదో గుర్తుండటానికి పాకెట్‌ను ట్రే కింద పెట్టిందట. అది తడిసి చీటీ మూల లేచింది. "దీని కింద ఇంకో తేదీ ఉంది టీచర్" అంటూ చూపించింది. ఆ గింజల గడువు నిరుడే తీరిపోయింది.

ఆ పాకెట్ ఇమ్మానియేలుకు ఇచ్చింది నేనే. మా తమ్ముడి కొట్టులోవి, కళ్లు మూసుకుని పోసుకోవచ్చు అని కూడా చెప్పాను. రంజాన్‌కి నేను వచ్చినప్పుడు మనం ముగ్గురం వసారాలో చాప వేసుకుని చీటీలు అంటించాం, గుర్తుందా? మైదా జిగురు నువ్వే కాచావు. "రేటు మారిందక్కా, కొత్త చీటీ వెయ్యాలి" అన్నాడు వాడు. మనం కబుర్లలో పడి ఆ చీటీ మీద ఏముందో, దాని కింద ఏముందో చూడలేదు.

ఇక అసలు సంగతి. జెస్సీ ఆ తేదీ చూపించినప్పుడు పిల్లలంతా నా మొహంలోకి చూస్తున్నారు. "తప్పు గింజల్లో లేదు, మీ ప్రయోగంలో ఉంది. ఈ ట్రేలో నీళ్లు ఎక్కువ పోశారు" అన్నాను. పాకెట్ తీసి నా సంచిలో వేసుకున్నాను. పదహారేళ్ల టీచరు ఉద్యోగంలో తెలియక తప్పు చెప్పిన రోజులున్నాయి. తెలిసి చెప్పడం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా.

మర్నాడు జెస్సీ ఒక్కతే వచ్చింది. "ఆ ట్రేలో నేనే ఇంకో మూత ఎక్కువ పోసుంటా టీచర్. నా వల్ల అందరి పనీ పాడైంది" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత, "మా నాన్న మళ్లీ ఆ విత్తనమే తెచ్చి పోస్తాడంట. టీచర్ గారి తమ్ముడి కొట్టే కదా, వానకే పోయుంటదిలే అంటన్నాడు" అంది. ఈసారి కూడా నారు రాకపోతే అదను దాటిపోతుంది. ఆయనకు ఈ ఏడు ఇక పంట లేనట్టే.

సుభానీ తెలిసే చేశాడు. లేకపోతే రేటు మారితే తేదీ ఎందుకు మారుతుంది? వాడు నేను ఎత్తుకుని తిప్పినవాడు. నాన్న పోయాక నీకు ఆధారం వాడే. అవన్నీ ఆలోచించే నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఇక నావల్ల కాదు.

ఇది పోస్టు డబ్బాలో వేసి నేరుగా ఇమ్మానియేలు ఇంటికి వెళ్తున్నాను. సోమవారం తరగతిలో ఆ చీటీ జెస్సీ చేతే ఊడదీయిస్తాను. లెక్క తప్పింది తను కాదు, నేనని అందరి ముందూ చెబుతాను. ఎవరు అంటించారని పిల్లలు అడుగుతారు. అలా అడగమని నేర్పింది నేనే కదా. నా పేరు చెబుతాను, తమ్ముడి పేరూ చెబుతాను. నీ పేరు మాత్రం చెప్పను.

కొట్టులో మిగిలిన పాకెట్లు ఒక్కటి కూడా అమ్మనివ్వకమ్మా. వాడు అరుస్తాడు, అక్కను గడప తొక్కనివ్వనంటాడు. అననీ. అప్పుడు నువ్వే ఒకసారి బస్సెక్కి రా. మోకాళ్ల నొప్పులని తెలుసు. అయినా రా.

ఇట్లు,
నీ పెద్ద కూతురు
సిద్దికా